లెక్కల చదువు, దాని వెల

తెలుగునాట లెక్కలు రాసే పని చాలాకాలం రెండు చోట్ల సాగింది. ఒకటి ఊరి చావడిలో కరణం దగ్గర, రెండోది అంగడిలో షావుకారు గద్దె దగ్గర. కరణీకం వంశపారంపర్యపు కొలువు. భూమి కొలతలు, శిస్తు, పంట వివరాలు తాటాకు కవిలెల్లోనూ, తర్వాతి కాలంలో కాగితపు దస్త్రాల్లోనూ ఎలా ఎక్కించాలో కొడుకు తండ్రి పక్కన కూర్చుని నేర్చుకొనేవాడు. అంగడిలోనూ అదే తీరు. కుర్రవాడు దుకాణం ఊడ్చి, తూకాలు పట్టి, సరుకు మోసి, కొన్నేళ్లకు చిట్టా ముట్టుకొనే అర్హత సంపాదించేవాడు. ఆవర్జా రాయడం వచ్చాక గుమాస్తా అయ్యేవాడు. ఈ చదువుకు ఫీజు లేదు, చివర పట్టా కూడా లేదు. వెల మాత్రం ఉండేది. నేర్చుకున్నన్నాళ్లూ కూలి లేకుండానో, తిండికి మాత్రమే సరిపడే జీతానికో పనిచేయడమే ఆ వెల.

వడ్డీ లెక్కలకు తెలుగులో గ్రంథం కూడా చాలా ముందే పుట్టింది. జైన గణితవేత్త మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రాసిన ‘గణితసార సంగ్రహం’లో అసలు, వడ్డీ, కాలం, త్రైరాశికం మీద లెక్కలు కనిపిస్తాయి. 11వ శతాబ్దివాడిగా చెప్పే పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వ్యాపారానికి కావలసిన గణితం గురించి రాత ఉన్నా, పనిలోకి దారి మాత్రం కులం, కుటుంబం, పరిచయం మీదుగానే వెళ్లేది. లెక్కల చదువుకు వెల కట్టవలసిన అవసరం ఆ దారి మారినప్పుడు వచ్చింది.

వీధి బడి ఖర్చు

చదువు ఖర్చు గురించి తెలుగు ప్రాంతానికి సంబంధించిన వివరమైన తొలి పత్రాల్లో ఒకటి బళ్లారి కలెక్టరు నివేదిక. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని జిల్లాల కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి నుంచి 1823లో జవాబు పంపినవాడు ఎ.డి. క్యాంప్‌బెల్. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన క్యాంప్‌బెల్ ఇతడే. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు అతను లెక్క చూపాడు. వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. ఇంగ్లీషు నేర్పే బడి ఒక్కటే. అంత మంది విద్యార్థుల్లో ఆడపిల్లలు 60 మందే.

ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడంతో మొదలయ్యే ఆ చదువు ఎక్కాలు, ఉత్తరాలు రాయడం, లెక్కలు కట్టడం దాకా సాగేది. బడి నడిచే పద్ధతి చవకైనదని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అయినా బడులు తగ్గిపోతున్నాయని, అందుకు కారణం జనం పేదరికమేనని రాశాడు. ఇంగ్లండు బట్టల దెబ్బకు నేతపని చితికిపోవడాన్ని అందులో ముఖ్యంగా చెప్పాడు. మధ్యతరగతి, కింది తరగతి కుటుంబాలు పిల్లల చదువు ఖర్చు భరించలేకపోవడం ఒక సంగతి. చేతులు కాస్త గట్టిపడగానే ఆ పిల్లల పని ఇంటికి కావలసి రావడం రెండో సంగతి. గురువుకిచ్చే జీతం పైకి కనబడే ఖర్చు. పిల్లవాడు బడిలో ఉన్నందువల్ల ఇంటికి రాకుండా పోయే కూలి కనబడని ఖర్చు. అర్థశాస్త్ర పాఠాల్లో అవకాశ వ్యయం అనే పేరుతో చెప్పే విషయాన్ని ఆ నివేదిక 1823లోనే ఒక జిల్లా అనుభవంగా నమోదు చేసింది.

1826లో మన్రో రాసిన సమీక్ష ప్రకారం మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బడులు ఉండేవి. వాటిలో చదువు చెప్పేవారి సంపాదన సాధారణంగా నెలకు ఆరేడు రూపాయలకు మించేది కాదు.

చట్టం తెరిచిన తలుపు

వాణిజ్యాన్ని ప్రత్యేక చదువుగా నేర్పే పాఠశాల దేశంలో మొదటిసారి 1886లో మద్రాసులో మొదలైంది. దాన్ని స్థాపించింది పచ్చయ్యప్ప ధర్మనిధి ధర్మకర్తలు. 18వ శతాబ్దపు దుబాసీ పచ్చయ్యప్ప మొదలియారు వదిలి వెళ్లిన సొమ్ముతో ఏర్పడిన నిధి అది. 1903లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో వాణిజ్య తరగతులు వచ్చాయి. ఈ తొలి తరగతుల లక్ష్యం పరిమితమైనది. ఇంగ్లీషు వ్యాపార సంస్థలకు, ప్రభుత్వ కచేరీలకు కావలసిన గుమాస్తాలను తయారుచేయడమే వాటి పని. బుక్‌కీపింగ్, షార్ట్‌హ్యాండ్, వ్యాపార లేఖలు, కొద్దిగా భూగోళం నేర్పేవారు.

అసలు మార్పు 1913లో వచ్చింది. ఆ ఏడాది చేసిన ఇండియన్ కంపెనీల చట్టం, కంపెనీ ఖాతాలు తనిఖీ చేసేవారికి ప్రభుత్వం ఇచ్చే యోగ్యతాపత్రం ఉండాలని నిర్దేశించింది. అంతకు ముందు వాటాదారులు నమ్మినవాడెవడైనా ఆడిటరు కాగలిగేవాడు. అదే 1913లో బొంబాయిలో సిడెన్‌హామ్ కళాశాల పుట్టింది. దేశంలో బి.కాం. పట్టా కోసం ఏర్పడిన తొలి కళాశాల ఇదే. బొంబాయిలో వాణిజ్య విద్య కోసం పాటుపడిన అకౌంటెంటు కె.ఎస్. అయ్యర్‌ను భారతీయ అకౌంటెన్సీకి ఆద్యుడిగా చెబుతారు. 1918లో గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ, అంటే జి.డి.ఏ., మొదలైంది.

బి.కాం., జి.డి.ఏ. అయిదేళ్ల తేడాతో వచ్చినా వాటి స్వభావం వేరు. బి.కాం. విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా. అది చదువుకు సాక్ష్యం. ఆడిట్ చేసే హక్కు మాత్రం డిప్లొమా వల్ల, గుర్తింపు పొందిన అకౌంటెంటు దగ్గర చేసిన శిక్షణ వల్ల వచ్చేది. చట్టం ప్రత్యేకించిన పనికి తాళంచెవి కళాశాల చేతిలో పడలేదు. వాణిజ్య పట్టా విలువ గురించి తర్వాత వందేళ్లు సాగిన చర్చకు మూలం ఈ ఏర్పాటులోనే ఉంది.

1930లలో ఆడిటర్ల పట్టిక అఖిల భారత స్థాయికి చేరింది. అందులో చేరినవారిని రిజిస్టర్డ్ అకౌంటెంట్లు అన్నారు. మద్రాసుకు చెందిన ఆర్. శివభోగం 1933లో జి.డి.ఏ. పూర్తిచేసి, దేశంలో తొలి మహిళా అకౌంటెంటుగా పేరు పొందింది.

తెలుగు జిల్లాల్లో

తెలుగు జిల్లాల్లో వాణిజ్య విద్యకు గిరాకీ బ్యాంకులు, బీమా, సహకార సంఘాల వెంట పెరిగింది. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్య మచిలీపట్నంలో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు. రెండేళ్లకు ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలై వాల్తేరులో స్థిరపడింది. నిజాం రాజ్యంలో 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పుట్టింది. 1950లో హైదరాబాద్‌లో బద్రుకా కళాశాల ప్రత్యేకంగా వాణిజ్య విద్య కోసమే మొదలైంది.

కళాశాల దాకా వెళ్లలేని వారికి ఇంకో దారి ఉండేది. పట్టణాల్లో మేడమీద గదుల్లో నడిచే టైపు ఇన్‌స్టిట్యూట్లలో గంటకింత అని నేర్చుకుని, ప్రభుత్వ సాంకేతిక పరీక్షల్లో టైపు, షార్ట్‌హ్యాండ్ లోయరూ హయ్యరూ పాసైనవాళ్లు కచేరీల్లో, కంపెనీల్లో కుదురుకొనేవారు. ఎస్సెస్సెల్సీ, దాని మీద టైపు హయ్యరు: రెండు మూడు తరాల పాటు తెలుగు మధ్యతరగతి ఇళ్లలో ఇది అతి తక్కువ ఖర్చుతో ఉద్యోగానికి చేర్చే చదువు. దాని విలువ ఎవరికీ సందేహంగా ఉండేది కాదు. ఖర్చు కొన్ని నెలల ఫీజు. ఫలితం నిమిషానికి ఇన్ని మాటలు అని కొలవగలిగే నైపుణ్యం.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ, ఇంటర్మీడియట్ వాణిజ్య పాఠ్యగ్రంథాలను తెలుగులో తెచ్చింది. పాఠాల్లో వాడిన మాటలు చాలావరకు అంగడివే, చావడివే. జర్నల్ చిట్టా అయింది, లెడ్జర్ ఆవర్జా అయింది, ట్రయల్ బ్యాలెన్స్ అంకణా అయింది. కొత్తగా చేరినవి జంటపద్దు విధానం, ఆస్తి అప్పుల పట్టిక వంటివి. షావుకారు దగ్గర ఊరికే నేర్చుకున్న పదజాలం మూడేళ్ల డిగ్రీకి సిలబస్ అయింది. అటు 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దు చేయడంతో కరణీకం ముగిసింది. లెక్కలు రాసే పని పుట్టుకను బట్టి కాక అర్హతను బట్టి వచ్చేదిగా మారింది.

ప్రీమియం నుంచి స్టైపెండ్ దాకా

1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం వచ్చింది. ఆ ఏడాది జూలై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. తొలి అధ్యక్షుడు జి.పి. కపాడియా. కంపెనీల ఆడిట్ ఇకపై ఈ సంస్థ సభ్యుల పని అయింది. కాస్ట్ అకౌంటెంట్లకు 1959లో, కంపెనీ సెక్రటరీలకు 1980లో వేరువేరు చట్టాలు వచ్చాయి.

ఈ వృత్తిలో ప్రవేశానికి ఆర్టికల్‌షిప్, అంటే ఒక సీనియరు దగ్గర కొన్నేళ్ల శిక్షణ, తప్పనిసరి. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ఆచారం ప్రకారం శిక్షణకు చేరే యువకుడు సీనియరుకు ప్రీమియం అనే మొత్తం చెల్లించేవాడు. అంత డబ్బు ఉన్న కుటుంబాలకే వృత్తి అందేది. తర్వాత నియమాలు తిరగబడ్డాయి. ప్రీమియం, అప్పు, డిపాజిట్ ఏ రూపంలోనూ శిక్షణార్థి నుంచి సొమ్ము తీసుకోకూడదు. సీనియరే నెలనెలా కనీస స్టైపెండ్ ఇవ్వాలి. చదువుకునేవాడికి ఎదురు డబ్బిచ్చే ఈ ఏర్పాటు వల్ల సి.ఏ. దేశంలో కళాశాల ఫీజు లేకుండా అందే పెద్ద వృత్తి విద్యల్లో ఒకటిగా నిలిచింది. అందులో అసలు వెల కాలమే. పరీక్షల్లో పాసయ్యేవారి శాతం తక్కువ. ఒక గ్రూపు పేపర్ల కోసం ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ రాసేవాళ్లు చాలామంది. గుంటూరు వంటి పట్టణాల్లో ఈ పరీక్షల కోచింగ్ పెద్ద వ్యాపారంగా ఎదగడంతో ఫీజు భారం వేరే దారిలో తిరిగి వచ్చింది.

ఈ వృత్తి దృష్టిలో బి.కాం. విలువ ఎంతో నియమాలే చెబుతాయి. డిగ్రీతో నేరుగా సి.ఏ. ఇంటర్మీడియట్ దశలో చేరాలంటే వాణిజ్య పట్టభద్రుడికి 55 శాతం మార్కులు కావాలి, ఇతర సబ్జెక్టులవారికి 60 శాతం. ఇంటర్ పూర్తిచేసినవారు ఫౌండేషన్ పరీక్ష రాసి డిగ్రీ లేకుండానే రావచ్చు. 2023 జూలై నుంచి శిక్షణ కాలం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. 2021లో యు.జి.సి. సి.ఏ., సి.ఎస్., కాస్ట్ అకౌంటెన్సీ అర్హతలను పీజీ డిగ్రీకి సమానంగా గుర్తించింది. ఒకప్పుడు కళాశాల పక్కన రెండో మెట్టు మీద ఉన్న వృత్తి పరీక్ష ఇప్పుడు కళాశాల పట్టాతో సమానంగా కూర్చుంది.

పన్నుల రంగంలో మాత్రం బి.కాం. సొంతంగా ఒక తలుపు తెరిచింది. 1961 ఆదాయపు పన్ను చట్టం కింద చేసిన నియమాలు గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాల వాణిజ్య పట్టభద్రులను ఇన్‌కంటాక్స్ ప్రాక్టీషనర్లుగా అనుమతించాయి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వాణిజ్యం, న్యాయం, బ్యాంకింగ్, వ్యాపార నిర్వహణ పట్టభద్రులకు జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదయ్యే వీలు కలిగింది. చిన్న పట్టణాల్లో రిటర్నులు దాఖలు చేసే అనేక కార్యాలయాలకు ఆధారం ఈ నియమాలే.

ఏ డిగ్రీ అయినా చాలు

1969 జూలై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకుతో సహా మరో ఆరు జాతీయమయ్యాయి. 1969లో దేశం మొత్తం మీద 8,262గా ఉన్న బ్యాంకు శాఖలు 1990 నాటికి దాదాపు 60 వేలకు చేరాయి. బ్యాంకు ఉద్యోగం అంటే స్థిరమైన జీతం, గౌరవం, తక్కువ వడ్డీకి ఇంటి రుణం. ఆ ఉద్యోగాల కోసం వాణిజ్య డిగ్రీలో చేరినవాళ్లు తక్కువేమీ కాదు. నియామక పరీక్షకు మాత్రం వాణిజ్యమే చదివి ఉండాలన్న షరతు లేదు. ఆఫీసరు పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోయేది. పరీక్షలో అడిగేవి రీజనింగ్, అంకగణితం, ఇంగ్లీషు, సామాన్య జ్ఞానం. తెలుగు సాహిత్యం చదివినవాడూ, భౌతికశాస్త్రం చదివినవాడూ ఒకే వరుసలో నిలబడ్డారు. బ్యాంకు పనికి కావలసిన జ్ఞానాన్ని బ్యాంకే తన శిక్షణ కేంద్రాల్లో నేర్పుకుంది.

1982లో హైదరాబాద్‌లో దేశంలోని తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంబేడ్కర్ పేరుతో కొనసాగుతున్న ఆ సంస్థ బి.కాం.ను ఉద్యోగం చేసుకుంటూ చదివే పట్టాగా మార్చింది. సాయంత్రం కళాశాలలు అంతకు ముందే ఈ పని కొంతవరకు చేశాయి. జీతం వదులుకోనక్కర లేకపోవడంతో పట్టా వెలలో పెద్ద భాగం తగ్గిపోయింది. మరోవైపు 1986లో బెంగళూరులో పుట్టిన ట్యాలీ సాఫ్ట్‌వేర్ చిట్టా, ఆవర్జా, అంకణాలను మీటలు నొక్కితే వచ్చేవిగా చేసింది. పద్దు ఎక్కించడం అనే పాత నైపుణ్యం కొన్ని వారాల కోర్సుకు దిగింది. బి.కాం. కంప్యూటర్స్ అనే పేరు డిగ్రీ కళాశాలల బోర్డుల మీదికి ఆ మార్పు వెంటే ఎక్కింది.

ఫైనాన్స్ అనే కొత్త పేరు

ఫైనాన్స్ ప్రత్యేక శాస్త్రంగా రూపుదిద్దుకున్నది అమెరికాలో. 1881లో జోసెఫ్ వార్టన్ ఇచ్చిన లక్ష డాలర్లతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వ్యాపార విద్యాలయం మొదలైంది. 1908లో హార్వర్డ్ ఎంబీఏ తరగతులు ఆరంభించింది. 1959లో ఫోర్డ్ ఫౌండేషన్ అండతో వచ్చిన నివేదిక అక్కడి వ్యాపార విద్యలో మేధోబలం తక్కువని విమర్శించింది. అప్పటికే గణితం ఆ రంగంలో అడుగుపెట్టింది. 1952లో మార్కోవిట్జ్ పెట్టుబడుల ఎంపిక సిద్ధాంతం, 1958లో మోదిగ్లియానీ, మిల్లర్‌ల మూలధన సిద్ధాంతం, 1973లో బ్లాక్, షోల్స్‌ల ఆప్షన్ ధర సూత్రం వచ్చాయి. ఖాతా రాయడం నుంచి రిస్కును కొలవడం వైపు ఈ విద్య జరిగింది. దాంతో గణితం బాగా వచ్చిన ఇంజినీర్లు వాణిజ్య పట్టభద్రులకు పోటీ అయ్యారు.

భారతదేశంలో ఈ ప్రవాహానికి ముందే స్పందించిన చోట్లలో వాల్తేరు ఒకటి. 1957లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రారంభించిన ఎంబీఏ దేశంలోని తొలి ఎంబీఏ కోర్సుల్లో చేరుతుంది. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు వచ్చింది 1961లో. 1984లో ఎన్.జె. యశస్వి ఆధ్వర్యంలో హైదరాబాద్‌లో ఇక్ఫాయ్ ఏర్పడి, సి.ఎఫ్.ఏ. అనే ఆర్థిక విశ్లేషకుల కోర్సును దూరవిద్యగా అందించింది. అమెరికాలో 1963లో 284 మందితో పరీక్ష మొదలుపెట్టిన సంస్థ కూడా సి.ఎఫ్.ఏ. అనే అక్షరాలనే వాడేది. రెండు వేరువేరు అర్హతలకు ఒకే పేరు ఉండడంతో వివాదం కోర్టుకెక్కింది. 2001లో హైదరాబాద్‌లోనే వ్యాపార విద్యాలయం ఐఎస్‌బీ ప్రారంభమైంది.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధ అధికారం, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి, ప్రైవేటు బ్యాంకులు, బీమా సంస్థలు వరుసగా వచ్చాయి. హైదరాబాద్‌లో బహుళజాతి సంస్థల లెక్కల కేంద్రాలు వెలిశాయి. ఎంబీఏ ఫైనాన్స్‌కు గిరాకీ పెరిగింది, ఫీజులూ పెరిగాయి. 2001లో అమల్లోకి వచ్చిన నమూనా విద్యారుణ పథకం నాలుగు లక్షల దాకా పూచీకత్తు లేకుండా అప్పు అందేలా చేసింది. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఎంబీఏ కళాశాలలు జిల్లాల మూలలకు చేరాయి. ఫీజు కట్టేది ప్రభుత్వం కావడంతో కుటుంబాలు పట్టా వెల గురించి అడగడం తగ్గించాయి. రెండేళ్ల కాలం, రాకపోయిన జీతం మాత్రం ఎవరూ తిరిగి చెల్లించలేదు.

వెల కట్టే పద్ధతి

పట్టా విలువను వివరించడానికి అర్థశాస్త్రంలో రెండు వాదాలు ముఖ్యమైనవి. 1964లో గ్యారీ బెకర్ చదువును మనిషిలో పెట్టే పెట్టుబడిగా వివరించాడు. చదువు సామర్థ్యాన్ని పెంచుతుంది, సామర్థ్యం జీతాన్ని పెంచుతుంది. 1973లో మైకేల్ స్పెన్స్ మరో కోణం చూపాడు. చదువు సామర్థ్యాన్ని పెంచకపోయినా, దాన్ని పూర్తిచేయగలగడం అభ్యర్థి శక్తికి సంకేతంగా పనిచేస్తుంది. తర్వాతి కాలంలో ఇద్దరికీ అర్థశాస్త్ర నోబెల్ లభించింది. బ్యాంకు నియామకాల్లో ఏ డిగ్రీ అయినా సరిపోవడం స్పెన్స్ వాదానికి దగ్గరగా ఉంది. సి.ఏ. శిక్షణ బెకర్ వాదానికి దగ్గరగా ఉంది.

లెక్క కట్టే తీరు ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఏడాదికి లక్ష ఫీజుతో మూడేళ్ల డిగ్రీ చదివితే ఫీజు 3,00,000 రూపాయలు. ఇంటర్ తర్వాత నెలకు 12,000 జీతం వచ్చే పని వదులుకుంటే మూడేళ్లలో రాకుండా పోయేది 4,32,000. మొత్తం 7,32,000. పట్టా వల్ల నెలకు 5,000 అదనంగా వస్తే వడ్డీ కలపకుండానే అసలు తిరిగి రావడానికి 12 ఏళ్లు దాటుతుంది. అదనం 10,000 అయితే ఆరేళ్లకు కొంచెం పైన. ఏడాదికి 10,000 ఫీజున్న ప్రభుత్వ కళాశాలలో చదివినా రాని జీతంతో కలిపి ఖర్చు 4,62,000 అవుతుంది. సాయంత్రం తరగతుల్లోనో సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో చదివితే ఫీజు మాత్రమే మిగులుతుంది. అప్పు చేసి చదివితే వడ్డీ చేరుతుంది. ఇంట్లో ఉన్నా అయ్యే తిండి ఖర్చు ఈ లెక్కలోకి రాదు, హాస్టల్ వల్ల పెరిగే భాగమే వస్తుంది.

2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చింది. షావుకారు గద్దె దగ్గర కూర్చుని నేర్చుకొనే పద్ధతికి కళాశాల మళ్లీ చోటిచ్చినట్లయింది.

ఈ చరిత్రను బట్టి లెక్కల చదువులో మూడు వస్తువులు కలిసి అమ్ముడవుతూ వచ్చాయి: నైపుణ్యం, పట్టా, ప్రవేశం. నైపుణ్యం అంగడిలోనూ, టైపు ఇన్‌స్టిట్యూట్‌లోనూ, ఆర్టికల్‌షిప్‌లోనూ తక్కువ ఖర్చుకే దొరికింది. ఆడిట్ వంటి ప్రవేశాన్ని చట్టం వృత్తి పరీక్షకు ఇచ్చింది, బ్యాంకు ప్రవేశం ఏ డిగ్రీకైనా దక్కింది. కాబట్టి ఫైనాన్స్ డిగ్రీ తక్కువ ఫీజుకు, జీతం పోకుండా దొరికినప్పుడూ, సి.ఏ. వంటి అర్హతతో జతపడినప్పుడూ, పన్నుల ప్రాక్టీసు వంటి ఒక నిర్దిష్టమైన తలుపు తెరిచినప్పుడూ దాని వెలకు తగినదే. పెద్ద అప్పుతో కొన్న ఖరీదైన పట్టా, ఆ కళాశాల నుంచి నిజంగా ఉద్యోగాలు ఇస్తున్న సంస్థలు ఉన్నప్పుడే గిట్టుబాటవుతుంది.